పెన్‌డ్రైవ్, అప్పుల చీటీ, ఒక బగ్గీ

నన్ను మా కాలేజీ బాజా బగ్గీ టీముకి కెప్టెన్ చేసిన రోజు సభలూ చప్పట్లూ ఏమీ లేవు. హాస్టల్ మేడ మీద నలుగురు సీనియర్లు కూచుని ముఢీలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయలు కలుపుకుని తింటున్నారు, నన్ను పైకి రమ్మన్నారు, పాత కెప్టెన్ అన్న జేబులోంచి ఒక పెన్‌డ్రైవు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టి "ఇంక నువ్వే చూసుకో తమ్ముడూ" అన్నాడు. పెన్‌డ్రైవులో పోయినేడాది డిజైన్ ఫైళ్ళున్నాయి. కాగితంలో అప్పులున్నాయి. లేత్ షాపుకి 18,500, పైపులు వంచినాయనకి 7,000, టీ కొట్టుకి 2,340. టీ కొట్టు బాకీ అంతకు ముందు కెప్టెన్ హయాంలోదట, అన్నకి కూడా ఇలాగే మడత పెట్టి ఇచ్చారట.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, ఊరు దాటి కాస్త పోతే పాతపట్నం, అక్కణ్ణించి ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బళ్ళో పదో తరగతి దాకా ఒడియా మీడియం. తెలుగు చదవడం మా నాయనమ్మ పేపరు ముందు పెట్టి నేర్పింది. ఇంజనీరింగ్‌కి కూడా దూరం పోలేదు, ఈ సరిహద్దు జిల్లాల్లోనే ఒక ప్రైవేటు కాలేజీ, మెకానికల్. కాలేజీ పేరెందుకు లెండి. మా క్లాసులో ఒడియా వాళ్ళు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి బోర్డరు దాటి వచ్చిన తెలుగువాళ్ళు, కొందరు బీహారు వాళ్ళు, కొండల మీంచి దిగి వచ్చిన సవర పిల్లలు. క్లాసులో ఇంగ్లీషు, మెస్సులో ఎవడి భాష వాడిది.

బాజా అంటే తెలియని వాళ్ళకి ఒక ముక్క. ఇంజనీరింగ్ పిల్లలు ఒక్కడు కూచునే చిన్న బగ్గీని సొంతంగా డిజైన్ చేసి, తయారు చేసి, మట్టిలో రాళ్ళలో నడిపి చూపించాలి. అమెరికాలో 1976లో మొదలైన పోటీ ఇది, మన దేశంలో ఎస్.ఏ.ఇ. ఇండియా అనే వాహన ఇంజనీర్ల సంఘం వాళ్ళు 2007 నుంచి నడుపుతున్నారు, ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో. మేం వెళ్ళిన ఏడాది ఇంజను అందరికీ ఒకటే, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీది, 10 హార్స్ పవరు. దాన్ని విప్పి మార్చడానికి లేదు. మిగతాది మన బుర్ర, మన జేబు. చివర్లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు, అంటే బండి తట్టుకుని నిలబడుతుందా అని చూసేది, ఉంటుంది, కానీ అక్కడిదాకా రావడమే ఒక పెద్ద రేసు. ముందు డిజైను చూస్తారు, ఖర్చుల లెక్క చూస్తారు, బండిని మాకు అమ్మి చూపించు అంటారు, టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ అని పైపు పైపునా తడుముతారు, ఆ తర్వాత బ్రేక్ టెస్టు. అది పాసవకపోతే ట్రాక్ మీదకి రానివ్వరు.

నేను కెప్టెన్ అయింది 2017 ఏప్రిల్లో. వర్చువల్ రౌండు జూలైలో, అది తెర మీద బొమ్మలు చూపించి ఇంగ్లీషులో మాట్లాడే వ్యవహారం, గట్టెక్కేశాం. అసలు కథ డబ్బుతో మొదలైంది. మొత్తం ఆరు లక్షల దాకా అవుతుందని లెక్క. కాలేజీ రెండిస్తానంది. ఇరవై ఐదు మందిమి తలా పన్నెండు వేలు వేసుకుంటే మూడు లక్షలు. ఇంటికెళ్ళి చెబితే మా నాన్న భోజనం మధ్యలో ఆగి "చదువుకి కట్టింది చాల్లేదేటిరా, ఆడుకునే బండికి కూడా కట్టాలా?" అన్నాడు. అమ్మ రెండ్రోజుల తర్వాత ఆరువేలు ఇచ్చింది, మిగతా ఆరు హాస్టల్లో ప్రాక్టికల్ రికార్డులు రాసిపెట్టి సంపాదించాను (ఇది మా సార్ చదివితే క్షమించాలి). మిగిలిన లక్షకి స్పాన్సర్లు. మా ఊళ్ళో ఒక రైస్ మిల్లు పెద్దాయన దగ్గరికెళ్ళాం, ఫైలు పట్టుకుని, షర్టులు టక్ చేసుకుని.

"ఎంతమంది ఎక్కుతారు బాబూ దీంట్లో?"

"ఒక్కడేనండి."

"లగేజీ పెడతారా?"

"పట్టదండి."

"పోనీ రోడ్డు మీద తిరుగుద్దా?"

"పర్మిషన్ లేదండి."

"మరి ఆరు లక్షలెట్టి ఏటి సేసుకుంటారు బాబూ?"

మా దగ్గర జవాబు లేదు. ఆయనే నవ్వి ఐదువేలు ఇచ్చాడు, మిల్లు పేరు బండి మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాలని షరతు. రాయించాం. పీథంపూర్‌లో జడ్జి ఒకాయన దాన్ని చూసి ఇదేం భాష అని అడిగితే రెండు భాషలండీ అన్నాను.

పుస్తకాల్లో లీడర్‌షిప్ అంటే ముందు నడవడం అని ఉంటుంది కదా, నేను నడిచిందంతా సంతకాల కోసం. సాయంత్రం ఐదు తర్వాత వర్క్‌షాపు తెరిచి ఉంచాలంటే ల్యాబ్ అసిస్టెంట్, వర్క్‌షాప్ ఇన్‌చార్జి, హెచ్.ఓ.డి., వార్డెన్, డీన్, సెక్యూరిటీ ఆఫీసు. ఆరు సంతకాలు. వారానికోసారి మళ్ళీ మొదటి నుంచి. దీనికి తోడు సరిగ్గా ఆ జూలై ఒకటి నుంచే జీఎస్టీ వచ్చింది, కాలేజీ అకౌంట్స్ వాళ్ళు నంబరున్న బిల్లు తేకపోతే డబ్బివ్వం అన్నారు, మేము పాత మారుతీ 800 స్టీరింగ్ ర్యాకు, మహీంద్రా ఆల్ఫా గేర్‌బాక్సు కొనేది విశాఖలో పాత సామాన్ల కొట్లలో. అక్కడ బిల్లంటే సిగరెట్ పెట్టె వెనకాల రాసిచ్చే అంకె. ఆ గొడవని నేను తీర్చలేదు, మా టీములో ఒక అమ్మాయి తీర్చింది. బరంపురం అమ్మాయి, వాళ్ళ నాన్నగారు అకౌంటెంటు. కొత్త సామాను ఏది, పాతది ఏది, దేనికి బిల్లు పుడుతుంది, దేన్ని మా చందా డబ్బులో కొనాలి అని మొత్తం ఒక షీటులో విడగొట్టేసింది. మాకు పోటీలో ఎక్కువ మార్కులు వచ్చింది కూడా ఆ ఖర్చుల రిపోర్టుకే.

అలాంటి అమ్మాయి మూడు నెలలు మీటింగులకి రాలేదు. రాలేదు అంటే మేం రానివ్వలేదు. మీటింగు రాత్రి తొమ్మిదికి బాయ్స్ హాస్టల్ మెస్సులో పెట్టేవాళ్ళం, గర్ల్స్ హాస్టల్ గేటు ఏడున్నరకి మూసేస్తారు. ఎవరూ కావాలని చేసింది కాదు, పాత కెప్టెన్ అలాగే చేశాడు కాబట్టి నేనూ చేశాను. ఒకరోజు ఆమె వర్క్‌షాపు బయట ఆపి "మీటింగులో ఏమనుకున్నారో నాకు మర్నాడు వాట్సాప్‌లో ఎవరో చెబితే తెలుస్తోంది, ఆ చెప్పేవాడు కూడా సగం మర్చిపోతున్నాడు" అంది. ఆ తర్వాత మీటింగు ఐదున్నరకి మార్చాను, మెషిన్ డ్రాయింగ్ హాల్లో. మావాళ్ళు కొందరు గొణిగారు, వాలీబాల్ టైమట అది.

ఇది సరిచేశాను కదా అని నన్ను నేను చాలా మెచ్చుకున్నాను. దీనికంటే పెద్ద తప్పు నా ముక్కు కింద జరుగుతోంది, అది మాత్రం కనపడలేదు.

టీములో ఇరవై ఐదు మందిమి కానీ నిర్ణయాలు తీసుకునేది ఐదుగురం. నేను, బ్రేకులు చూసే పాలకొండ వాడు, ట్రాన్స్‌మిషన్ చూసే పార్వతీపురం వాడు, వెల్డింగ్ చూసే నరసన్నపేట వాడు, డ్రైవరు. ఐదుగురం తెలుగు. నాకు తప్ప ఎవరికీ ఒడియా రాదు. మీటింగు హిందీలోనో వచ్చీరాని ఇంగ్లీషులోనో మొదలవుద్ది, పావుగంటకి ఎవడో జోకేస్తాడు, ఇంక అక్కణ్ణించి తెలుగే. ఒడియా కుర్రాళ్ళు కాసేపు మొహాలు చూసి ఫోన్లు తీసుకునేవాళ్ళు. వీళ్ళకి ఇంట్రెస్టు లేదురా అని మేం అనుకునేవాళ్ళం, అదీ తెలుగులోనే, వాళ్ళ ముందే. నాకు ఒడియా రాక కాదు. వచ్చు. సరదాగా మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆగి ఇంకో భాషలోకి మార్చి చెప్పడం బద్ధకం, అంతే.

బ్రేకుల గ్రూపులో ఒక సెకండియర్ కుర్రాడు ఉండేవాడు. మా జిల్లాలోనే సెరంగో వైపు. ఇంట్లో సవర, బయట ఒడియా, మాతో నాలుగు ముక్కలు హిందీ. వాళ్ళ మావయ్యకి ఆర్.ఉదయగిరిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపుంది, సెలవుల్లో వీడు అక్కడే. చేతిలో స్పానరు పట్టుకునే తీరు చూస్తేనే తెలిసిపోయేది వాడికి పని వచ్చని. కానీ వాడికి మేం ఇచ్చిన పని లాగ్ బుక్కు రాయడం. ఏ రోజు ఏం బిగించాం, ఏం టెస్టు చేశాం, ఏం తేడా వచ్చింది. ప్రతి ఆదివారం కెప్టెన్ చూసి సంతకం పెట్టాలి. పెట్టాను.

సెప్టెంబరులో సస్పెన్షన్ చూసేవాడు ప్లేస్‌మెంట్ కోచింగని వెళ్ళిపోయాడు, ఇంకొకడి ఇంట్లో పెళ్ళి, అక్టోబరులో పైపులు లేటు, బండి చక్రాల మీద నిలబడేసరికి డిసెంబరు పదిహేను దాటింది. హాస్టల్ వెనకాల ఎర్రమట్టి గ్రౌండులో తిప్పాం. డ్రైవరు బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ టక్కున పట్టేసి బండి మట్టి గీరుకుంటూ ఆగేది. కేకలు, ఈలలు, వీడియోలు. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది.

బండిని విప్పి లారీలో ముందు పంపించి మేం రాయగడలో రైలెక్కాం. రాయపూర్‌లో, భోపాల్లో మారి ఇండోర్ చేరేసరికి అమ్మ కట్టిచ్చిన పులిహోర అయిపోయి ఒకరోజైంది. జనవరి, పొద్దున్నే చలికి స్పానర్లు పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతున్నాయి. ఎక్కడ చూసినా పోహా. దేశం నలుమూలల నుంచి వచ్చిన టీములు, కొందరి దగ్గర సొంత కంటెయినర్లు, ఒకేలాంటి జాకెట్లు, మా దగ్గర రెండు ట్రంకు పెట్టెలు, మిల్లు పెద్దాయన పేరున్న బండి.

టెక్నికల్ ఇన్‌స్పెక్షన్లో మొదటి రోజు డ్రైవరు దగ్గరే ఆగిపోయాం. బెల్టులు, చేతుల పట్టీలు అన్నీ పెట్టుకుని కూచున్నవాడు ఐదు సెకన్లలో బయటికి దూకాలి, నిప్పంటుకుంటే బతకాలి కదా. మావాడికి ఏడు పట్టింది. ఆ రాత్రి లాడ్జిలో కుర్చీకి బెల్టులు కట్టి పన్నెండు గంటల దాకా దూకించాం, కింద గదిలో వాళ్ళు వచ్చి తిట్టారు. మర్నాడు నాలుగున్నరలో బయటపడ్డాడు. పాసైనట్టు స్టిక్కరు వేశారు.

ఇంక బ్రేక్ టెస్టు. తారు రోడ్డు. కాస్త స్పీడు అందుకుని తొక్కాలి, నాలుగు చక్రాలూ ఒకేసారి లాకవ్వాలి. మొదటిసారి, ముందువి పట్టాయి, వెనకవి దొర్లుతూనే ఉన్నాయి. జడ్జి తల అడ్డంగా ఊపాడు. పక్కకి తోసుకెళ్ళి బ్రేకు ఆయిలు మళ్ళీ పోసి, పెడలు కొట్టి కొట్టి గాలి తీశాం. రెండోసారి అంతే. పాలకొండ వాడు మాస్టర్ సిలిండరు పోయిందన్నాడు, పార్వతీపురం వాడు ప్యాడ్లకి గ్రీజు తగిలిందన్నాడు, నేను డ్రైవరు సరిగ్గా తొక్కట్లేదన్నాను, డ్రైవరు నువ్వే ఎక్కి తొక్కు అన్నాడు. ఐదుగురం బండి చుట్టూ చేరి తెలుగులో అరుచుకుంటున్నాం. లైన్లో మా వెనకాల పది బళ్ళున్నాయి. మధ్యాహ్నం అయిపోతోంది.

సెరంగో కుర్రాడు నా చొక్కా చెయ్యి లాగాడు. "భాయినా" అన్నాడు, ఒడియాలో అన్నా అని. ఏంట్రా అని కసిరాను. వాడు ఏమీ చెప్పలేదు. లాగ్ బుక్కు తెరిచి పట్టుకున్నాడు.

జనవరి మొదటి వారం పేజీ. ఒడియాలో ఉంది, గుండ్రటి అక్షరాలు. రాత్రి పదింటికి హాస్టల్ ముందు తారు రోడ్డు మీద వాడు, ఇంకో ఇద్దరు బండిని తీసి నడిపారట, మాకు చెప్పకుండా. ముందు చక్రాల ఎడం ఎక్కువ, వెనకవాటిది తక్కువ, కాబట్టి బ్రేకు కొడితే రోడ్డు మీద నాలుగు నల్ల గీతలు పడాలి. రెండే పడ్డాయి. వెనకవి పడలేదు. కింద ఒక బొమ్మ కూడా వేశాడు, వెనక కాలిపర్ బొమ్మ, అంటే చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం, దాని నిపుల్ కిందికి చూస్తోందని బాణం గుర్తు. ఆ పేజీ అడుగున నా సంతకం ఉంది. తేదీతో సహా.

బొమ్మ చూడగానే అర్థమైంది. గాలి ఎప్పుడూ పైకి పోతుంది. కాలిపర్‌లో గాలి బయటికి పోయే నిపుల్ పైన ఉండాలి. మేం వెనక బ్రాకెట్లు కుడిదెడమకి, ఎడమది కుడికి వెల్డింగ్ కొట్టేసి, కాలిపర్లు అందులో సరిపోయాయి కదా అని తిరగేసి బిగించేశాం. ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా, అంటే ఆయిలు వదిలి గాలి తీసినా, కింది నుంచి ఆయిలు పోతోంది, గాలి బుడగ పైన అలాగే కూచుని ఉంది. పెడలు తొక్కితే ఆ బుడగ నలుగుతోంది తప్ప ప్యాడ్లకి బలం చేరట్లేదు. మట్టి గ్రౌండులో ఆ కాస్త బలానికే చక్రం ఆగిపోయేది, జారే నేల కాబట్టి. తారు రోడ్డు అలా ఊరుకోదు.

"ముందే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను, ఒడియాలో.

చెప్పానన్నాడు. పాలకొండ వాడికి తన హిందీలో చెప్పాడట, వాడు ఓకే ఓకే అన్నాడట. మీటింగులో రెండుసార్లు చెయ్యెత్తాడట. ఆ తర్వాత రాశాడట, నువ్వు చదువుతావు కదా అని.

సిగ్గుపడటానికి టైము లేదు అప్పుడు. "ఏం చెయ్యాలి?" అని అడిగాను. వాడే చెప్పాడు: బ్రాకెట్లు ఇప్పుడు మార్చలేం, కాలిపర్లు విప్పి, గొట్టం అలాగే ఉంచి, నిపుల్ పైకొచ్చేలా చేత్తో ఎత్తి పట్టుకుని, ప్యాడ్ల మధ్య చెక్క ముక్క పెట్టి బ్లీడింగ్ చేసి మళ్ళీ బిగిద్దాం. వాళ్ళ మావయ్య షాపులో అలాగే చేస్తారట. నేను వాడి మాటని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతూ నిలబడ్డాను. కెప్టెన్‌గా ఆ ఏడాదంతా నేను చేసిన పనికొచ్చే పని ఆ నలభై నిమిషాలు అనువాదం చెయ్యడమే అని ఇప్పటికీ అనుకుంటాను. చెక్క ముక్క దొరక్కపోతే పక్క టీము వాళ్ళ డబ్బా మూత విరగ్గొట్టి ఇచ్చారు. పాలకొండ వాడు కాలిపర్ ఎత్తి పట్టుకున్నాడు, కుర్రాడు నిపుల్ తిప్పుతున్నాడు, ఒకడు పెడలు తొక్కుతున్నాడు. మొదట బుసబుసమని నురగ వచ్చింది. తర్వాత శుభ్రమైన ఆయిలు.

మూడోసారి నాలుగు గీతలు పడ్డాయి.

ఆగస్టు 29 వస్తే మా పర్లాకిమిడి తెలుగువాళ్ళం గిడుగు రామమూర్తి గారు మా ఊరివాడే అని గొప్పగా చెప్పుకుంటాం. నేనూ ఇంటర్లో ఆయన మీద ఉపన్యాసం ఇచ్చి ప్లేటు ఒకటి గెలిచాను. ఆయన మా ఊళ్ళో రాజావారి స్కూల్లో మాస్టరుగా ఉంటూ పక్క కొండల మీది సవరలతో మాట్లాడటానికి సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. ఆ రాత్రి లాడ్జిలో పడుకుంటే నాకు ఆ ప్లేటు గుర్తొచ్చింది, మా ఇంట్లో దాని మీద అమ్మ అగరొత్తులు పెడుతుంది.

ఎండ్యూరెన్స్‌లో గంటా నలభై నిమిషాలు నడిచింది మా బండి. ఒక గుంటలో పడి లేచినప్పుడు వెనక కుడివైపు యాక్సిల్ విరిగింది, అక్కడితో సరి. ర్యాంకు చెప్పుకునేంతది కాదు. తిరుగు ప్రయాణంలో సీట్లు కలిసి దొరక్క ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడ కూచున్నాం. పాలకొండ వాడికి ఆ కుర్రాడి పక్కన పడింది. రాయగడ వచ్చేసరికి వాడు ఒడియాలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతున్నాడు, ఏడు దగ్గర ప్రతిసారీ తప్పుతున్నాడు.

మార్చిలో అదే మేడ మీద కూచున్నాం. తర్వాత కెప్టెన్‌గా ఆ కుర్రాడి పేరు నేనే చెప్పాను. మావాళ్ళలో ఇద్దరు ఒప్పుకోలేదు, వాడు స్టేజి మీద మాట్లాడలేడు, ఇంగ్లీషు రాదు, స్పాన్సర్ల దగ్గరికెలా వెళ్తాడు అన్నారు. అబద్ధం కాదు అది, నిజంగానే కష్టం. బరంపురం అమ్మాయి మేనేజరుగా ఉంటానంది, స్పాన్సర్లు, స్టేజి తను చూసుకుంటానంది, ఆ మాట మీద ఒప్పుకున్నారు. టీ కొట్టు బాకీ నేను తీర్చేశాను, లేత్ షాపు బాకీ మాత్రం 9,000 మిగిలింది. పెన్‌డ్రైవు, కాగితం వాడి చేతిలో పెట్టాను.

కాగితం విప్పి చూసుకుని, మళ్ళీ మడత పెట్టి, వాడు ఒక్కటే అడిగాడు. "భాయినా, పగటిపూట తారు రోడ్డు మీద బండి టెస్టు చెయ్యడానికి పర్మిషన్ లెటరు ఎవరికి రాయాలి?"

నాకు తెలియదు. ఏడాది మొత్తంలో అన్ని లెటర్లు రాశాను కానీ ఆ లెటరు ఒక్కసారీ రాయలేదు. పొద్దున్నే వార్డెన్ గారిని అడుగుదాం పద అన్నాను.